ఇంటిలోని పిన్‌బాల్ యంత్రము: మూత తెరువనివారికి తగునా?

మన విద్యార్థులలో పిన్‌బాల్ యంత్రమును కన్నులార చూచినవారు అరుదు. విండోస్ ఎక్స్‌పి నడచిన కంప్యూటర్లలో "స్పేస్ కేడెట్" అను పిన్‌బాల్ ఆట ఉచితముగా వచ్చెడిది. మీ తల్లిదండ్రులలో కొందరు దానిని కార్యాలయములందు తీరిక వేళలను, తీరిక లేని వేళలను కూడ ఆడియుందురు. ఆ తెరమీది బొమ్మకు మూలమైన అసలు యంత్రము వేరు. అది నాలుగు ఉక్కు కాళ్లపై నిలిచిన పెద్ద చెక్కపెట్టె. బరువు సుమారు 110 కిలోలు. అద్దము క్రింద ముందునకు వాలిన ఆటబల్ల యుండును. దానిపై 27 మిల్లీమీటర్ల వ్యాసమును, 80 గ్రాముల బరువును గల ఉక్కుగుండు దొర్లుచుండును. జారిపోవు ఆ గుండును ఫ్లిప్పర్లనబడు రెండు రెక్కలతో కొట్టి మరల పైకి పంపుటయే ఆటకాని పని. గుండు తగిలిన చోటనెల్ల దీపము వెలుగును, శబ్దము పుట్టును, లెక్క పెరుగును.

ఇట్టి యంత్రమును కొని ఇంట ఉంచుకొనువారు నేడు అమెరికాలో పలువురు కలరు. వారిలో మన తెలుగువారును ఉన్నారు. మూత తెరచి చూచుటకు సిద్ధపడని యింట ఆ యంత్రము ఉండదగదని నా అభిప్రాయము. ఈ మాట కొంత కఠినముగా తోచవచ్చును. మన హోసూరు ప్రాంతపు యిండ్లలో పిన్‌బాలు లేదు గదా, మనకేల ఈ ప్రసంగమని అడుగువారును ఉందురు. ఆ యంత్రము విషయమున జరుగు తప్పులే మన మిక్సీల విషయమునను, పొలములోని మోటారుల విషయమునను నిత్యము జరుగుచున్నవి. పిన్‌బాలునందు అవి స్పష్టముగా కనబడును. అందుచేత ఈ పత్రికలో దీనికి చోటడిగితిని.

మొదట ఈ యంత్రము ఇంటికెట్లు వచ్చినదో చూడవలెను. ఫ్రాన్సు దేశమున బల్లమీద ఆడు బాగటెల్ అను ఆటనుండి ఇది పుట్టినది. 1871లో సిన్సినాటి నగరవాసియగు మాంటేగ్ రెడ్‌గ్రేవ్, గుండును స్ప్రింగు కడ్డీతో తోయు పద్ధతికి అమెరికాలో పేటెంటు పొందెను. 1931లో డేవిడ్ గాట్లీబ్ తయారుచేసిన "బాఫిల్ బాల్" అంగళ్లలో విరివిగా అమ్ముడుపోయెను. అప్పటికి రెక్కలు లేవు. గుండు పోవు దారిని మార్చుటకు ఆటకానికి గల ఉపాయము పెట్టెను కుదుపుట యొక్కటియే. కనుక అది ఆటయా, జూదమా అను వివాదము పుట్టి, 1942లో న్యూయార్కు నగరమున మేయరు లాగార్డియా దీనిని నిషేధించి, యంత్రములను సుత్తెలతో పగులగొట్టించెను. 1947లో గాట్లీబ్ సంస్థవారి "హంప్టీ డంప్టీ"తో రెక్కలు వచ్చినవి. నగరసభ యెదుట రోజర్ షార్ప్ అను యువకుడు ఆడి చూపిన పిమ్మట న్యూయార్కు నిషేధము 1976లో తొలగెను. 1992లో వచ్చిన "ఆడమ్స్ ఫామిలీ" యంత్రము 20,270 ప్రతులు అమ్ముడుపోయెను. అటుపిమ్మట ఏడేండ్లకే, 1999లో, దానిని చేసిన విలియమ్స్ సంస్థ పిన్‌బాలు నిర్మాణమునే విడిచిపెట్టెను.

ఇన్ని దశాబ్దముల కాలము ఈ యంత్రము హోటళ్లలోను, ఆటశాలలలోను ఉండెను. దానికొక యజమాని, ఆ యజమాని వెంట పనిముట్ల పెట్టెతో వచ్చు మరమ్మతుకాడు ఉండిరి. అతడు వచ్చినపుడు నాణెములు తీసికొనును, అద్దము తుడుచును, తెగిన రబ్బరు మార్చును, మొండికేసిన స్విచ్చిని సరిచేయును. ఆడువానికి ఇదియేమియు కనబడదు. ఇపుడో, క్రొత్తవియు పాతవియు అనేకములు ఇండ్లలోనికి చేరినవి. యంత్రము ఇంటికి వచ్చినది గాని మరమ్మతుకాడు రాలేదు. వేలకొలది డాలర్లు పోసి కొన్న యజమాని మాత్రము తాను ఇంకను ఆటశాలలో నాణెము వేసి ఆడువాడనే యని భావించుచున్నాడు. చిక్కంతయు అచ్చట పుట్టుచున్నది.

లోపలి యేర్పాటు మొదట కన్నులు చెదరునట్లుండును. ఆటబల్లను పైకెత్తి చూచినచో వందలకొలది తీగలు, దీపములు, పెట్టెలు, ఇనుప చట్రములు కనబడును. కాని దాని వ్యాకరణము చిన్నది. గుండు తగిలినదని తెలుపునది స్విచ్చి. ఆ వార్తను విని, ఏమి చేయవలెనో నిర్ణయించునది కంప్యూటరు బోర్డు. దాని ఆజ్ఞపై పనిచేయునది కాయిల్, అనగా తీగచుట్ట. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించినపుడు అది అయస్కాంతమై లోపలి ఇనుప కడ్డీని లాగును, ఆ కడ్డీ రెక్కను త్రిప్పును. వినుట, తలచుట, చేయుట, ఈ మూడే. ఏ లోపము వచ్చినను అది ఈ మూడింటిలో ఒకదానియందో, వానిని కలుపు తీగలయందో, వానికి బలమిచ్చు విద్యుత్తునందో ఉండవలెను. వేరొక చోటు లేదు.

మా మేనల్లుడు షికాగో నగరపు శివారున కాపురముండును. పిన్‌బాలుకు షికాగో పుట్టినిల్లు వంటిది. పెద్ద నిర్మాతలలో చాలమంది ఆ ప్రాంతమువారే. గత వేసవి సెలవులలో నేనచ్చట నెలదినములుంటిని. వారి నేలమాళిగలో చేతులు మారి వచ్చిన యంత్రమొకటి కలదు. నేను వెళ్లిన మూడవనాడు దాని కుడిరెక్క నిలిచిపోయెను.

"పనిచేయడం లేదు మామయ్యా," అనెను. "అమ్మినాయనకు ఫోన్ చేశాను. బోర్డు పోయి వుంటుంది, కొత్తది వేయించుకో అన్నాడు."

"ఆయన వచ్చి చూశాడా?"

"లేదు. ఇలాంటప్పుడు సాధారణంగా అదే పోతుందట."

క్రొత్త బోర్డు వెల కొన్ని వందల డాలర్లు. చూడకయే పోయినదని తెలిసికొన్న ఆ వర్తకుని దివ్యదృష్టికి నేను ఆశ్చర్యపడితిని. తెలుగు పంతులునగుటచే నాకు మేనల్లుని వాక్యము కూడ నచ్చలేదు. "పనిచేయడం లేదు" అనునది లోపమును చెప్పు వాక్యము కాదు. అది విసుగును చెప్పు వాక్యము. ఏ పని జరుగవలసియున్నది? ఏ భాగమున జరుగుట లేదు? ఎల్లప్పుడునా, కొన్ని వేళలనా? రెక్క అసలు కదలదా, కదలియు నిలువదా? పైకెత్తి పట్టినపుడు వణకునా? ఈ ప్రశ్నలలో ప్రతిదానికిని వేరు వేరు సమాధానము వేరు వేరు చోట్లను చూపును. కదలి, గుండు బరువునకు జారిపోవు రెక్కకు పట్టి నిలుపు శక్తి చాలదు. బలహీనముగా కొట్టు రెక్కకు అరిగిన కడ్డీయో, మసిపట్టిన స్విచ్చి మొనలో కారణము కావచ్చును. అసలు కదలని రెక్కకు తీగ తెగియుండవచ్చును, ఫ్యూజు పోయియుండవచ్చును. నేను చిత్తూరున ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న దినములలో మా అధ్యాపకులొకరు "పిల్లవానిని అర్థమైనదా అని అడుగకుడు, వాడు తెలిసినది చూపవలసిన ప్రశ్న వేయుడు" అని పదే పదే చెప్పెడివారు. యంత్రమును ప్రశ్నించు పద్ధతియు అదియే.

ఈ యంత్రములో ప్రశ్నలు వేయుటకు తగిన యేర్పాటును నిర్మాతలే చేసియున్నారు. నాణెములు వేయు తలుపు లోపలి వైపున కొన్ని మీటలుండును. వానిని నొక్కినచో పరీక్షల జాబితా తెరపైకి వచ్చును. స్విచ్చుల పరీక్ష, తీగచుట్టల పరీక్ష, దీపముల పరీక్ష వేరువేరుగా ఉండును. కుడి మీటను నొక్కి చూచితిమి. నొక్కినట్లు తెరపై కనబడెను. కనుక వినుట సరిగా నున్నది. తరువాత తీగచుట్టల పరీక్ష చేసితిమి. ఒక్క కుడిరెక్కయే కాదు, ఏ తీగచుట్టయు కదలలేదు! మేనల్లుని ముఖము వాడిపోయెను. వెంటనే కంగారుపడనక్కరలేదు. నాణెముల తలుపు తెరచినపుడు లోపల చేయి పెట్టువారికి దెబ్బ తగులకుండ, తీగచుట్టలకు పోవు సుమారు 50 వోల్టుల విద్యుత్తును తెంచు రక్షణ స్విచ్చి ఒకటి ఈ యంత్రములలో ఉండును. పరీక్ష మీటలు తలుపు లోపల ఉండుటచే, వానిని నొక్కువాడు తలుపు తెరువక తప్పదు. ఈ సంగతి ఎరుగక "అన్నియు ఒక్కసారి కాలిపోయినవి" అని గుండెలు బాదుకొన్న యజమానులు ఎందరుందురో! ఆ స్విచ్చిని ముందునకు లాగి నిలిపి, చేతులు దూరముగా ఉంచుకొని మరల పరీక్షించితిమి. తక్కినవన్నియు కదలినవి. కుడిరెక్క యొక్కటియే కదలలేదు.

ఇట్లు రెండు పరీక్షలతో సగము యంత్రమును అనుమానమునుండి తప్పించితిమి. పిమ్మట గోడనుండి విద్యుత్తు తీగను ఊడదీసి, ముందరి ఇనుపపట్టీ తీసి, అద్దమును జారుగా పైకి లాగి, గుండ్లన్నింటిని బయటకు తీసితిమి. (గుండ్లు లోపలనుండగా ఆటబల్లను ఎత్తినచో అవి జారిపడి చేయకూడని పనులన్నియు చేయును. అద్దమును రాతినేలమీద అంచు మోపి నిలిపినచో ఒక్క క్షణమున పొడిపొడి యగును. దానిని తివాసిపైననే ఉంచవలెను.) ఆటబల్లను ఎత్తి నిలిపి దీపము పట్టి చూడగా, కుడి తీగచుట్టనుండి దాని కొసదిమ్మెకు వచ్చు సన్నని తీగ తెగి వెండ్రుకవలె నిలిచియుండెను. ఈ యంత్రములలో తీగచుట్టలు దెబ్బ మీద దెబ్బగా అదరుచుండును. ఆ అదురునకు టంకము పెట్టిన చోట తీగ విరుగుట సర్వసాధారణము.

బోర్డు పోలేదు. అయినను తీగ అతికి వెంటనే విద్యుత్తు ఇచ్చుట తగదు. తెగిన తీగ కొసమీది పూతను గీకి, మల్టీమీటరుతో తీగచుట్ట నిరోధమును కొలిచితిమి. అది కొద్ది ఓములుండవలెను. ఎడమరెక్క చుట్టతో పోల్చి చూడగా రెండును సరిపోయినవి. ఒకవేళ అది శూన్యమునకు చేరువగా ఉండినచో, లోపల తీగ పూత మాడి చుట్టలు ఒకదానితోనొకటి కలిసిపోయినవని అర్థము. అట్టి చుట్టకు విద్యుత్తు ఇచ్చినచో దానిని నడపు ట్రాన్సిస్టరు కూడ మాడిపోవును. వర్తకుని సలహా వలన కలుగదగిన అసలు హాని ఇక్కడనే యున్నది. మాడిన చుట్టను కొలువక, బోర్డునే మార్చినవాడు క్రొత్త బోర్డును కూడ ఆ చుట్టకే బలి యిచ్చును. రెండవసారి డబ్బు పోయిన తరువాత కూడ అతనికి కారణము తెలియదు. తెలియకపోవుటచే మూడవసారి యంత్రమునే నిందించి అమ్మివేయును.

టంకము పెట్టుటకు ఐదు నిమిషములు పట్టెను. కనుగొనుటకు గంటన్నర పట్టెను. ఆ గంటన్నరనే నేను మరమ్మతు అందును. తక్కినది చేతిపని మాత్రమే.

ఫ్యూజు విషయము మన యిండ్లకు మరింత చేరువైనది. ఫ్యూజు తీగ మాటిమాటికి పోవుచున్నదని దాని స్థానమున లావుపాటి రాగితీగ చుట్టి పెట్టుట మనయందు ఎన్ని యిండ్లలో జరుగలేదు? పిన్‌బాలు యంత్రమున కూడ ఈ తెలివి ప్రదర్శించువారున్నారు. నిర్ణీతమైన దానికంటె పెద్ద ఫ్యూజు వేయుదురు. ఒక ట్రాన్సిస్టరు లోపల కలిసిపోయి తీగచుట్టకు ఎడతెగక విద్యుత్తు పారుచున్నపుడు ఆ ఫ్యూజు తానుపోయి యింటిని కాపాడవలెను. దానిని పోనీయకున్నచో చుట్ట పొగలు గ్రక్కును, చెక్కపెట్టెకు నిప్పంటును. క్రొత్తగా వేసిన సరియైన ఫ్యూజు వెంటనే పోయినచో అది యొక సాక్ష్యము. దానికి మరల అదే కొలత ఫ్యూజు వేసి చూచుట కాదు, అనుమానమున్న చుట్టల కనెక్టర్లను ఒకటొకటిగా విడదీసి, ఏది విడదీసినపుడు ఫ్యూజు నిలిచెనో చూడవలెను.

స్విచ్చుల లోపములను పట్టుకొనుట నాకు మిక్కిలి యిష్టమైన భాగము. పాతకాలపు విలియమ్స్ యంత్రములలో ఎనిమిది నిలువు వరుసలు, ఎనిమిది అడ్డు వరుసలుగా 64 స్విచ్చుల పట్టిక యుండును. మన తరగతిలో ఫలానా వరుస, ఫలానా బల్ల అన్నచో పిల్లవాడు తెలిసినట్లు, ఫలానా నిలువు, ఫలానా అడ్డు అన్నచో స్విచ్చి తెలియును. ఒక్క స్విచ్చి పలుకకున్నచో ఆ స్విచ్చినే చూడవలెను. ఒక వరుసలోని ఎనిమిదియు ఒక్కసారి మూగవోయినచో ఎనిమిది స్విచ్చులు చెడినవని తలచువాడు అమాయకుడు. వానికి ఉమ్మడియైన తీగయో, కనెక్టరో ఊడినదని అర్థము. ఒకదానిని నొక్కగా వేరొకటి పలికినచో, విద్యుత్తు వెనుకకు పోకుండ ప్రతి స్విచ్చి వద్దను పెట్టిన డయోడులలో ఒకటి చెడియుండవచ్చును. పట్టిక ఎదుట నుంచుకొని ఆలోచించుటకు స్క్రూడ్రైవరు కూడ అవసరము లేదు.

ఆ యంత్రములు తమ లోపమును తెలుపు తీరు మరియొకటి కలదు. చాలసేపు ఆడినను ఏదేని స్విచ్చి పలుకకపోయినచో, తెరపై మిగిలిన ఆటల సంఖ్య ప్రక్కన చిన్న చుక్క యొకటి వెలుగును. అంతకుమించి అరుపులు, గంటలు లేవు. తెలుగున ఒక సున్న చేరినను, జారినను అర్థమెంత మారునో తెలిసిన మనము ఆ చుక్కను గౌరవింపవలెను. దానిని నెలల తరబడి చూచుచు, అది తెరలోని దుమ్మనుకొన్నవారు లేకపోలేదు.

కాంతిరేఖ తెగినపుడు గుండు వచ్చినదని గుర్తించు స్విచ్చులును ఉండును. కంటికి కనబడని ఎర్రక్రింది కిరణమును ఒకవైపు పుట్టించి, మరియొకవైపు పట్టుకొందురు. గుండ్లు చేరు తొట్టివద్ద ఇవి విరివిగా ఉండును. వానిపై దుమ్ము పేరుకొన్నచో గుండు ఎక్కడనున్నదో యంత్రమునకు తెలియదు. అపుడది గుండును వెదకుటకై తన తీగచుట్టలన్నింటిని వరుసగా ఒకసారి కొట్టి చూచును. ఎవరును ముట్టకుండగనే పెట్టె టకటక లాడును. దయ్యము పట్టినదని భయపడనక్కరలేదు, మెత్తని గుడ్డ చాలును.

శుభ్రత సంగతి చెప్పుటకు రుచిగా నుండదు గాని, లోపములలో చాల భాగము దానివలననే తప్పును. రబ్బరు వలయములు గట్టిపడి పగులును. వానిని మార్చవలెను. గీతలు పడిన గుండు ఆకురాయివలె ఆటబల్లమీది బొమ్మలను అరుగదీయును. గుండు వెల స్వల్పము, ఆటబల్ల వెల అనల్పము. గుండ్లు ఒకదానికొకటి అంటుకొనుచున్నచో అవి అయస్కాంతములైనవి, తీసివేయవలెను. బల్లను నీటితో తుడువరాదు. నాఫ్తాతో మురికి తీసి, కార్నౌబా మైనము పూయుట అలవాటు. నాఫ్తా ఆవిరి నిప్పంటుకొనునది గనుక తలుపులు, కిటికీలు తెరచి, తీగ ఊడదీసి చేయవలెను. ఇక నూనె! కిర్రుమన్న దానికెల్ల నూనె చుక్క వేయుట మనవారి ధర్మము. తలుపు బందునకది మేలే. రెక్కల కడ్డీకి మాత్రము వేయరాదు. ఆ కడ్డీ నైలాను గొట్టములో పొడిగా కదలునట్లు చేయబడినది. నూనె వేసినచో దుమ్ము పట్టి జిగురై, మొదట బాగుగా కదలిన రెక్క కొన్నాళ్లకు బిగిసికొనిపోవును.

1990ల విలియమ్స్ యంత్రమును కొన్నవారు మొదటిదినముననే చూడవలసినది బోర్డుమీది మూడు పెన్సిల్ బ్యాటరీలను. లెక్కలను జ్ఞాపకముంచుటకు పెట్టిన ఆ బ్యాటరీలను ఏండ్లకేండ్లు మార్చకున్నచో కారి, బోర్డుమీది రాగిగీతలను తినివేయును. మంచి యంత్రములెన్నియో ఆటవలన కాక ఆ మూడు బ్యాటరీలవలన చెడినవి. పాత టార్చిలైటు తెరచి పచ్చని చిలుము చూచిన మనకు ఇది క్రొత్త కాదు.

కాళ్ల సంగతి మరవరాదు. ఆటబల్ల వాలు సాధారణముగా 6.5 డిగ్రీలుండవలెనని నిర్మాతలు చెప్పుదురు. కాళ్ల అడుగుననున్న మరలను త్రిప్పి సరిచేయవచ్చును. తాపీమేస్త్రీ వాడు రసమట్టమును అద్దముమీద కాక, ఆటబల్లమీదనే అడ్డముగా ఉంచి చూడవలెను. ఏలయన పెట్టెయు, బల్లయు ఒకే మట్టమున ఉండునను నమ్మకము లేదు. ఒక ప్రక్కకు ఒరిగిన యంత్రమున గుండు నిత్యము ఆ ప్రక్కకే జారును, ఆటగాడు తన చేతిని నిందించుకొనుచుండును.

దీనికి ఎదురుమాట యున్నది. విద్యుత్తుతో చెలగాటము ప్రాణాపాయము గదా, పిల్లలున్న యింట ఈ తెరచుట లేమిటి అని అడుగవచ్చును. ఈ భయము న్యాయమైనది, దానిని త్రోసివేయను. గోడనుండి వచ్చు విద్యుత్తు చేరు భాగమును, విద్యుత్తు సరఫరా పెట్టెను ఎరుగనివాడు ముట్టరాదు. తీగ ఊడదీసిన పిదప కూడ కొన్ని కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచియుండును. అమెరికా యంత్రమును 230 వోల్టుల మన దేశమునకు తెచ్చుకొనువాడు, అది దేనికి అమర్చబడినదో నిర్ధారింపక తగిలింపరాదు. ఇట్టివానికి పనివానిని పిలువవలసినదే. కాని పిలిచినపుడైనను అతని ప్రక్కన నిలిచి, ఏది చెడినదో, అదియే చెడినదని ఎట్లు తెలిసెనో అడుగవలెను. మంచి పనివాడు ఆ ప్రశ్నకు సంతోషించును. విసుగుకొనువానిని రెండవసారి పిలువనక్కరలేదు. పిల్లలను దూరముగా తరుముటకంటె, తీగ ఊడదీసిన యంత్రము ప్రక్కన దీపము పట్టుకొని నిలువనిచ్చుట మేలని నా మతము. మా మేనల్లుని కుమార్తెకు తొమ్మిదేండ్లు. తెగిన తీగను మొట్టమొదట చూచినది ఆ పిల్లయే.

ఇపుడు నిర్మాతలతో నాకు గల వివాదము. 2015 మొదలుకొని షికాగోలోని పెద్ద నిర్మాత స్పైక్ అను క్రొత్త విధానమును తెచ్చెను. పూర్వమువలె తీగలన్నియు వెనుక పెట్టెలోని పెద్ద బోర్డులకు పోవు. ఆటబల్ల క్రింద నోడు బోర్డులని చిన్నవి అక్కడక్కడ ఉండి, తమ దగ్గరి స్విచ్చులను, చుట్టలను, దీపములను చూచుకొనుచు, ప్రధాన బోర్డుతో సన్నని కేబుల్ ద్వారా మాటలాడుకొనును. తీగల అడవి తగ్గినది. ఏ బోర్డు పలుకుట లేదో తెరమీదనే కనబడును. ఇది మేలే. కాని ఆ బోర్డులమీది భాగములు ఆవగింజలంతటివి, యంత్రములచే అతికింపబడినవి. ఇంటి టంకపు కడ్డీకి లొంగవు. పూర్వము ఒక ట్రాన్సిస్టరు పోయినచో ఆ ట్రాన్సిస్టరునే మార్చువారు, ఇపుడు బోర్డునే మార్చుచున్నారు. బోర్డు పలుకుట లేదని తెర చెప్పును గాని, ఏల పలుకుట లేదో చెప్పదు. కేబుల్ వదులైనదా, ఫ్యూజు పోయినదా, అవతలి చుట్ట మాడినదా అను విచారణ యజమానికే మిగిలినది.

పనితనము మారుటను నేను ఆక్షేపింపను. కాలమునకు తగినట్లు భాగములు చిన్నవగును. అయితే 1990లలో యంత్రముతోపాటు వచ్చిన పుస్తకములో స్విచ్చుల పట్టిక, చుట్టల పట్టిక, తీగల రంగులు, విద్యుత్పటములు సహితము ఉండెడివి. కొన్నవానికి అవి హక్కుగా లభించెడివి. నేటి యంత్రము కొన్నవానికిని బోర్డు పటములతో సహా ఆ పుస్తకము పూర్తిగా దొరకవలెను. వెల యెక్కువైనకొలది తెలిసికొను హక్కు తగ్గుట వింత. సాధారణమైన ఎలక్ట్రానిక్ పరికరముల మరమ్మతుకు కావలసిన సమాచారమును, భాగములను కొన్నవారికి ఇవ్వవలెనని న్యూయార్కు రాష్ట్రము 2022లో చట్టము చేసెను. మిన్నెసోటా 2023లో అనుసరించెను. మన కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారముల శాఖ కూడ 2022లో మరమ్మతు హక్కు కొరకు ఒక వెబ్ పోర్టల్ తెరచి, వ్యవసాయ పరికరములు, మొబైల్ ఫోనులు, గృహోపకరణములు, వాహనములు అను నాలుగు రంగములను ముందుగా చేపట్టెను. ఇవి చాలునని చెప్పను. పుస్తకము చేతికి వచ్చినను తెరచి చదువనివానికి చట్టమేమి చేయగలదు?

ఇంట ఆడు యంత్రమునకు నాణెములతో పనిలేదు గనుక నాణెముల పెట్టె ఖాళీగా నుండును. అందులో సరియైన కొలతల ఫ్యూజులు, కొన్ని రబ్బరు వలయములు, రెక్కకొక స్ప్రింగు, ఒక నైలాను గొట్టము ఉంచుకొనవలెను. వానితోపాటు నలువది పుటల నోటుపుస్తకము ఒకటి. తేది, కనబడిన లోపము, చేసిన పరీక్ష, దొరకిన కారణము, చేసిన పని, ఈ ఐదు గడులు గీచి మేనల్లునికిచ్చి వచ్చితిని. మొన్నటి ఆదివారము దాని పుటను ఫోటోతీసి పంపినాడు. మూడు లోపములు వ్రాయబడియున్నవి. మూడవది, రెండు రెక్కలను ఒకేసారి ఎత్తినపుడు ఎడమవైపు దీపములు మసకబారుట. కనెక్టరు వదులు కావచ్చునని ఊహించి, దాని ప్రక్కన ప్రశ్నార్థకము పెట్టినాడు. "దొరకిన కారణము" అను గడిని మాత్రము ఖాళీగా విడిచినాడు.